నా జబ్బ మీద సేఠ్ చీరల పేరు

నాకు ముందు తెలిసింది నొప్పి కాదు, వాసన. రేసులో నా కారు ట్రాక్ పక్కన పేర్చిన టైర్ల గోడకు గుద్దుకుని ఆగిపోయింది. వెనక ఇంజిన్ దగ్గర మంట లేచింది. నేను బెల్టు విప్పుకుంటున్నాను. అప్పుడు హెల్మెట్‌లోకి పాలిస్టర్ దారం కాలిన వాసన వచ్చింది. ఎంబ్రాయిడరీ మిషన్ల మధ్య పద్దెనిమిదేళ్లు పనిచేసినవాణ్ని, ఆ వాసన ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మంటలో అంటుకోని ఈ సూట్‌లోకి పాలిస్టర్ ఎలా వచ్చిందని మొదట అనిపించింది. ఆ వెంటనే గుర్తొచ్చింది, కుట్టింది నేనే.

నా పేరు సంపత్. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి మగ్గం పనికి సూరత్ వచ్చాడు, నేను ఇక్కడే పుట్టాను. కోసాడ్ క్వార్టర్లలో ఉంటాం. కడోదరాలో కేతన్‌భాయ్ అనే సేఠ్ యూనిట్‌లో, చీరల మీద డిజైన్లు కుట్టే కంప్యూటర్ మిషన్ నడుపుతాను. సేఠ్‌కి కార్ల రేసుల పిచ్చి. ఒకసారి మమ్మల్నందర్నీ గో-కార్టింగ్‌కి తీసుకెళ్తే నేను ఆయన్ని ఓడించాను. నొచ్చుకోవాల్సింది పోయి నన్ను తన టీమ్‌లో చేర్చుకుని నేర్పించాడు. మేం దిగేవి గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసులు. ఒకే స్పోర్ట్స్ కారు, ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడపాలి. సేఠ్, నేను, డీజిల్ పంపులు బాగుచేసే యోగేశ్.

కారు విషయంలో సేఠ్ ఎక్కడా తక్కువ చేయలేదు, అబద్ధం చెప్పను. డ్రైవర్ చుట్టూ ఇనుప పైపుల కేజ్, ఆరు పట్టీల బెల్టు, మెడ విరగకుండా హెల్మెట్‌ను పట్టి ఉంచే కాలర్, మంటలు ఆర్పే సిలిండర్, అన్నీ సరైనవే. సూట్లు కూడా అసలైనవే, బయటి దేశం నుంచి తెప్పించాడు. మూడు సూట్లు వచ్చాయి. ఒక్కోదాని కుడి చేతి మీద తన చీరల బ్రాండ్ పేరు పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో కుట్టమని నాకిచ్చాడు.

సూట్‌తో వచ్చిన కాగితం మీద ఒక బొమ్మ ఉంది. సూది, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. కింద రాసింది యోగేశ్‌తో చదివించుకుని సేఠ్ దగ్గరికి వెళ్లాను. "కుట్టాలంటే మంటకు తట్టుకునే వేరే దారం వాడాలంట సేఠ్. అది గూడ పైపొర మీదనే అంట" అన్నాను.

సేఠ్ నవ్వాడు. "సంపత్‌భాయ్, ఆ దారానికి చమక్ ఉండదు. సూరత్‌లో కూర్చున్న మనకి ఎంబ్రాయిడరీ ఇంకొకడు నేర్పాలా?"

ఆ మాట నాకూ నచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. సూట్ చేతుల కుట్లు విప్పి, పొరలన్నీ కలిపి ఫ్రేములో బిగించి, చీరకు వాడే మెరుపు దారంతోనే భుజం నుంచి జబ్బ కిందిదాకా దట్టంగా కుట్టేశాను. మూడింటికీ నేనే కుట్టాను. చాలా అందంగా వచ్చింది.

ట్రాక్ దగ్గర తనిఖీ చేసే మనిషి సూట్ మెడ దగ్గర, మంటకు తట్టుకుంటుందని కంపెనీ వేసిన ట్యాగ్ చూసి సంతకం పెట్టాడు. లోపలికి తిప్పి చూడలేదు. పైగా "బాగుంది, ఎక్కడ కుట్టించారు?" అని అడిగాడు. ఆ మొహం గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను.

మూడో గంటలో, నా వంతులో, మలుపు దగ్గర వెనక కారు వచ్చి గుద్దింది. మా కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది, పెట్రోల్ పైపు తెగింది. కేజ్ వంగలేదు. బెల్టు నన్ను కదలనివ్వలేదు. మెడకు ఏమీ కాలేదు. ఎన్నోసార్లు అభ్యాసం చేసి ఉన్నాం కాబట్టి నా అంతట నేనే బయటికి దూకాను. కుడి పక్క మంట తగిలిన సూట్ కూడా అంటుకోలేదు. కానీ నేను కుట్టిన దారం కరిగింది. పొరలన్నీ దాటి నా చర్మానికి అతుక్కుంది.

అక్కడ కట్టు కట్టి సూరత్ పంపించారు. ఇక్కడి బర్న్స్ వార్డులో డాక్టరమ్మ కట్టు విప్పి చాలాసేపు చూసింది. "డీప్ సెకండ్ డిగ్రీ. మధ్యలో థర్డ్ డిగ్రీ కూడా ఉంది. స్కిన్ గ్రాఫ్ట్ చేయాలి" అంది. తర్వాత, "చుట్టూ చర్మం బాగానే ఉంది, గీత గీసినట్టు ఇక్కడే ఎందుకు కాలింది?" అని అడిగింది. డ్రెస్సింగ్ చేసే సిస్టర్ వంగి చూసి, "మేడమ్, ఇవి అక్షరాలు" అంది. నేను మొహం గోడ వైపు తిప్పుకున్నాను.

డిబ్రైడ్‌మెంట్ అంటే చచ్చిన చర్మం గీకి తీసేయడం. మత్తు ఇస్తారు, అది దిగాక ఉంటుంది అసలు సంగతి. జబ్బ మీద అతికించే గ్రాఫ్ట్ కోసం తొడ నుంచి చర్మం తీశారు. కాలిన చోటు కంటే ఆ తొడే ఎక్కువ మండింది. ఈ ముక్క నాకు ముందే ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

నాన్న చూడటానికి వచ్చాడు. ఆయన బతుకంతా దారంతోనే. అనుమానం వస్తే ఒక పోగు తెంపి లైటర్‌తో కాల్చి చూసేవాడు. బూడిదైతే నూలు, ముద్దయితే పాలిస్టర్. నాకు అఆలకంటే ముందు వచ్చిన విద్య అది. నా కట్టు వైపు చూసి మెల్లగా అన్నాడు. "కుట్టేటప్పుడు ఒక్క పోగు కాల్చి చూడకపోతివి గదా బిడ్డా."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ పూట నేను అన్నం ముట్టలేదు.

సేఠ్ పళ్లు పట్టుకుని వచ్చాడు. ఫోన్‌లో నేను మంటలోంచి దూకిన వీడియో చూపించి, "చూడు, సూట్ నిన్ను ఎలా బతికించిందో" అన్నాడు. వీడియోలో తన బ్రాండ్ పేరు స్పష్టంగా కనిపిస్తోందని సంబరం. నేను ఒకటే అడిగాను. "తక్కిన రెండు సూట్లు ఏం జేసిన్రు సేఠ్?"

"అరే, అవి భద్రంగా ఉన్నాయి. నువ్వు ముందు నయం చేసుకో."

భద్రంగా ఉన్నాయన్న మాటకే నా ఒళ్లు మండింది. ఒకటి ఆయనది, ఇంకొకటి యోగేశ్‌ది. ఆయన ఏమైనా చేసుకోనీ. యోగేశ్ వేసుకునే దాన్ని కుట్టింది నా చేతులు.

రెండో వారంలో జ్వరం వచ్చింది. ఇన్ఫెక్షన్. ఒక మూల గ్రాఫ్ట్ పట్టలేదు, మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లారు. ఇంటికొచ్చాక చెయ్యి భుజం కంటే పైకి లేవలేదు. ఫిజియోథెరపీ చేసే అతను గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టాడు. "కాంట్రాక్చర్ అంటే చర్మం బిగుసుకుపోవడం. నొప్పి ఉందని ఆపితే చెయ్యి ఇక్కడే ఆగిపోతుంది" అన్నాడు. నా భార్య లావణ్య రోజూ దగ్గరుండి చేయించింది. నేను విసుక్కుంటే, "నన్నెందుకు అంటవ్, పోయి మీ సేఠ్‌ను అను. ఆ గీత అందుకున్నంకనే చాయ" అనేది. పైన ప్రెషర్ గార్మెంట్. స్నానం వేళ తప్ప రోజంతా ఒంటికి బిగుతుగా ఉండాల్సిన చొక్కా. సూరత్ ఎండలో అది తొడుక్కుని నేను తిట్టని మనిషి లేడు.

యోగేశ్ ఫోన్ చేసి వచ్చే రేసు గురించి చెప్పాడు. నా బదులు ఇంకో డ్రైవర్ వస్తున్నాడట. ఆ సూట్ వేసుకోవద్దని బతిమాలాను. అతను నమ్మలేదు. "నీ సూట్ కాలనే లేదు, నేను చూశాను కదా. పైపు తెగితే సూట్ ఏం చేస్తుంది?" అన్నాడు. అవి సేఠ్ మాటలే.

మర్నాడే యూనిట్‌కి వెళ్లాను. గోడకు రెండు సూట్లు తగిలించి ఉన్నాయి. మూడోది, కొత్త డ్రైవర్‌ది, చేతి కుట్లు విప్పి ఫ్రేములో బిగించి ఉంది. నా మిషన్ మీద, నేను చేసిన డిజైన్‌తో. అప్పటికి రెండు అక్షరాలు పడ్డాయి. నేను వెళ్లి స్విచ్ ఆపేశాను.

సేఠ్, యోగేశ్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. కోను నుంచి జానెడు దారం తెంపి వాళ్ల ముందే లైటర్ అంటించాను. చుక్కలుగా కరిగి రేకు మీద పడింది. "ఇది అందరికీ తెలిసిందేగా సంపత్‌భాయ్, ఈ తమాషా ఎందుకు?" అన్నాడు సేఠ్.

నేను చొక్కా విప్పాను. లావణ్య రోజూ ఎక్కించే ఆ బిగుతు చొక్కా ఎడమ చేత్తో లాగి తీసేసరికి కొంతసేపు పట్టింది. ఇద్దరూ నిలబడి చూశారు. కట్టు లేకుండా సేఠ్ నా చేతిని చూడటం అదే మొదటిసారి. గ్రాఫ్ట్ వేసినా అక్షరాల అంచులు పోలేదు, గట్లుగా లేచి ఉన్నాయి.

"సదువుండ్రి సేఠ్. మీ పేరే" అన్నాను.

ఆయన చదవలేదు, కింద చూశాడు. యోగేశ్ దగ్గరికి వచ్చి ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివాడు. పూర్తిగా చదివాక గోడకున్న తన సూట్ తీసి, చెయ్యి లోపలికి తిప్పి, వెనక దారం ముళ్లను బొటనవేలితో తడిమాడు. కత్తెర తెచ్చి నా చేతికిచ్చాడు. మూడు సూట్ల చేతులూ నేనే కత్తిరించాను. కుడి చేత్తోనే.

ఇప్పుడు పైకెత్తితే ఆ చెయ్యి చెవిని తాకుతోంది. గోడ మీద ఇంకో గీత మిగిలే ఉంది. మిషన్ పని మళ్లీ మొదలుపెట్టాను, రేసులకు వెళ్లడం లేదు. టీమ్‌కి కొత్త సూట్లు వచ్చాయి. వాటి మీద ఒక్క కుట్టూ లేదు, పేరంతా కారు మీదే. ఆ ఆలోచన తనదేనని సేఠ్ అందరికీ చెప్పుకుంటున్నాడు. నేను విని ఊరుకోను, అక్కడికక్కడే చొక్కా చెయ్యి పైకి మడిచి చూపిస్తాను.

రేసు నడిపేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. సూట్ చేతికి రాగానే ట్యాగ్ చూసి మురిసిపోకండి, లోపలికి తిప్పి చూడండి. కంపెనీది కాకుండా తర్వాత పడిన కుట్టు ఒక్కటి కనిపించినా, అది కుట్టింది మీ సొంత చేతులే అయినా, ఒంటి మీద వేసుకోకండి.