చెరువు చుట్టు దోవలో మా నాయన

మా ఇంటాయన నాకు పరాయివాడు కాదు, మేనత్త కొడుకు. ఆయన చిన్నప్పుడే వాళ్ళ నాయన పోతే, మా నాయనే చెల్లెల్నీ మేనల్లుణ్ణీ మా ఊరికి తెచ్చుకున్నాడు. కంభం చెరువుకు అవతల, అర్ధవీడు వైపు కొండల కింద మా పల్లె. మాది గొర్లు మేపుకునే ఇల్లు. పిల్లోడికి చదువు బాగా వస్తాదని ఎవరో అంటే, మా నాయన ఆయన్ను భుజాన ఎక్కించుకోని చెరువు పక్క దోవనే కంభం బడికి తీసకపోయి దించి వచ్చేవాడు. వానలకు కింది దోవ మునిగితే కొండమీది దోవన పోయేవాళ్ళు. నేనూ వెనకాల నడిచేదాన్ని. నాకు బడి లేదు. ఊరికే తోడు.

బావకు మార్కాపురంలో ఒక కచేరీలో గుమాస్తా పని వచ్చింది. ఆ ఏడే నన్ను చేసుకున్నాడు. కాపురానికి పోయిన కొత్తల్లోనే చెప్పినాడు.

"ఇక్కడ బావా గీవా అనొద్దు. ఏవండీ అను. మనకు చేలు ఉన్నాయని చెప్పినా. ఎవరన్నా అడిగితే నువ్వూ అట్లే చెప్పు."

సరే అన్నాను. మా ఊళ్ళో చేలు ఉన్న మాట నిజమే, అవి వేరేవాళ్ళవి.

యుద్ధం రోజులవి. ఆ కచేరీకి కోస్తా నుంచి కొత్తగా ఒక హెడ్డు గుమాస్తా వచ్చినాడు. ఆయనకు కొండలూ నీళ్ళూ అంటే పిచ్చి. కంభం చెరువు గురించి ఎవరో చెప్పినారంట, ఒక ఆదివారం చుట్టూ నడిచి చూసి రావాలన్నాడు. పై అధికారి అడిగేసరికి మా ఆయన నాకూ ఒక మాట చెప్పకుండా, మేము కూడా వస్తామని ఒప్పుకున్నాడు. నాకు మాత్రం సంబరంగానే ఉండింది. పుట్టింటి కొండలన్నా కనబడతాయి గదా అని.

పెట్రోలు దొరక్క బస్సు వెనక బొగ్గు పొయ్యి కట్టి నడిపేవాళ్ళు. దాంట్లో హెడ్డు గుమాస్తా, ఆయన భార్య, మేమిద్దరం. కంభంలో దిగి కట్ట మీదికి పోయేసరికి మా ముఖాలన్నీ మసి. ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండుగా ఉండింది. రెండు కొండల నడుమ కట్ట, దాని వెనక కనుచూపు మేరా నీళ్ళు, నీళ్ళ నడుమ చిన్న చిన్న దిబ్బలు. హెడ్డు గుమాస్తా భార్య నిలబడిపోయింది. "మా వైపు సముద్రం ఉందండీ, కానీ ఇలా కొండలు దానికెక్కడివి!" అన్నది. మంచి మనిషే. అది కూడా చెప్పాల.

కట్ట దిగి కొండవార దోవ పట్టినాము. సీతాఫలం చెట్ల మధ్యన మనిషి వెనక మనిషి నడిచేంత దోవ. ముందు మా ఆయన, ఆయన వెనక వాళ్ళిద్దరూ, చివరన మా అన్నం గంప, జంపఖానా మూట మోసుకుంటా నేను. కొంత దూరం పోయినాక దోవ నీళ్ళలోకి దిగి కనబడకుండా పోయింది. పైదోవ ఎక్కడ చీలతాదో మా ఆయనకు తెలుసు. చిన్నప్పుడంతా ఆ దోవనే మోయించుకున్నవాడు. కానీ తెలియనట్టే అటూ ఇటూ చూస్తా నిలబడినాడు. గొర్ల దోవ నీకెట్ల తెలుసని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలని భయం.

అప్పుడే పైన గొర్ల గంటలు వినబడినాయి. భుజాన గొంగడి, చేతిలో కట్టె, మా నాయన రాళ్ళ మీద నుంచి దిగి వస్తా ఉన్నాడు.

మమ్మల్ని చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు. నోరు కూడా తెరిచినాడు. అంతలో మా ఆయన గట్టిగా, "ఓయ్ పెద్దాయనా, దోవ ఎటు?" అన్నాడు.

నాయన నోరు అట్లే మూసుకున్నాడు. మా ఆయన్ను చూసినాడు, ఆయన వెనక బూట్లేసుకున్న పెద్దమనిషిని చూసినాడు. రెప్పపాటు పట్టలేదు ఆయనకు అర్థం కావడానికి.

"ఇట్ల రాండి సామీ," అన్నాడు.

"ఆ సామాను కూడా కాస్త పట్టుకుంటావా?" అని హెడ్డు గుమాస్తా అడిగినాడు. నాయన నా దగ్గరికి వచ్చినాడు. "ఇటియ్యమ్మా," అని గంప అందుకుంటా నా చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకోని వదిలినాడు. ఊరుకో అని.

నేను ఊరుకోలేదు. గంప నెత్తిన, మూట భుజాన పెట్టుకోని ఆయన రెండడుగులు ఎక్కేసరికి అరిచినాను. "నాయనా, ఆ మూట దించు! నువ్వు మోయబాక."

అందరూ తిరిగినారు. సరే, బయటపడింది, పడనీ అనుకున్నాను.

మా ఆయన నవ్వినాడు. "మా ఆవిడకు అలవాటండీ. ఈ పక్క ఊళ్ళల్లో పెద్దవాళ్ళందర్నీ నాయనా, మామా అనే పిలుస్తారు."

"ఎంత మంచి అలవాటండీ!" అన్నది హెడ్డు గుమాస్తా భార్య. "మా వైపు కూలివాళ్ళను ఎవరు అలా పిలుస్తారు?"

నాయన తల ఊపినాడు. "అవునమ్మా. మా పక్క అంతే."

అంత గట్టిగా అరిచిన మాట, అందరి ముందరా అట్లే మర్యాదగా మారిపోయింది. మళ్ళీ అరిస్తే ఏమయ్యేదో తెలియదు. నాయనే అవునన్నాక ఇంక ఎవరికి చెప్పేది?

పైదోవన ఒక బండ దగ్గర కూర్చోని వాళ్ళ తిండి వాళ్ళు, మా తిండి మేము తిన్నాము. నాయన దూరంగా గొర్ల దగ్గర నిలబడినాడు. ఆయమ్మ మిగిలిన పులిహోర ఆకులో తీసుకపోయి, ఆకు పైకెత్తి ఆయన పట్టిన పైగుడ్డలో వొంపింది. ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు. మా ఆయన చెరువు వైపు చూస్తా కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో హెడ్డు గుమాస్తా కునుకు తీస్తా ఉంటే, మా ఆయన నా చెవి దగ్గర అన్నాడు: "మామ బుద్ధిమంతుడు. పరువు నిలబెట్టినాడు."

తర్లుపాడు దాటినాక మిట్ట ఎక్కలేక బస్సు ఆగింది. మొగోళ్ళందరూ దిగి నెట్టినారు, ఆయన కూడా. జారి బురదలో పడితే బాగుండు అనుకున్నాను. పడలేదు.

ఇంట్లో అడిగినాను. "ఎవరి పరువు నిలబెట్టినాడు?" అని. "అంతా నీ కోసమే గదా, రేపు నేను పైకి వస్తే సుఖపడేది నువ్వే," అన్నాడు. ఆ మాట ఆయన నిజంగానే నమ్మినాడు.

కొన్నాళ్ళకు చెప్పకుండా బస్సెక్కి నేనొక్కదాన్నే కంభంలో దిగినాను. చెరువు పక్క దోవన పోతా ఉంటే ఎదురుగా మంద కనబడింది. నన్ను చూడగానే మంద గబగబా కొండ మీదికి మళ్ళింది. తోలేది మా నాయనే. నేను ముళ్ళల్లో పడి ఎక్కి పట్టుకున్నాను.

ఆయన ముందు నా వెనక్కి చూసినాడు. "ఎవరన్నా వచ్చినారా నీ వెంట?"

"ఎవరూ రాలేదు."

"బస్సు దిగి ఎవరన్నా ఇటు వస్తా ఉంటే పైకి పోతా ఉండా అమ్మీ. వాళ్ళ కచేరీవాళ్ళో ఏమో. మళ్ళీ కనబడితే అల్లుడికి ఇబ్బంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయన చెయ్యకూడనిది చేసినాడు, సరే. నువ్వెందుకు అవునన్నావు? నేను నిన్ను నాయనా అంటే నువ్వు అందర్లో నన్ను పరాయిదాన్ని చేస్తివి."

పక్కకు పోతా ఉన్న గొర్రెను కట్టెతో మళ్ళించినాడు. "వాడు తల దించుకుంటే చూడలేను అమ్మీ. భుజాన మోసినోణ్ణి."

"మరి నేనో?"

"అన్నం తిన్నావా?" అన్నాడు.

మరుసటి ఎండాకాలం జ్వరం వచ్చి నాయన పోయినాడు. కబురు అందగానే నేను పోయినాను. మా ఆయన ఒక రోజు ఆలస్యంగా వచ్చినాడు, కచేరీలో ఎవరు పోయినారని చెప్పి వచ్చినాడో నేను అడగలేదు. వచ్చీ రాగానే కాల్చిన చోట కూలబడి, "మామా, మామా" అని ఏడ్చినాడు. ఊరంతా చూసి, అల్లుడంటే ఇట్లుండాల అన్నారు. అది దొంగ ఏడుపు అయ్యుంటే నాకు బాగుండేది. కాదు. లోపల్నుంచి వచ్చిన ఏడుపే. అంత ప్రేమ పెట్టుకోని ఆ పని చేసినాడు గదా అని, ఇన్నేళ్ళైనా ఆయన్ను మన్నించలేకపోతా ఉండాను.