నువ్వు చెప్పి ఉంటావనుకున్నాను

అమ్మ పడిపోయిందని అన్నయ్య ఫోన్ చేసేటప్పటికి నేను రాయపూర్ శివారు ఉర్లాలో, మా ఫ్యాక్టరీలో ఉన్నాను. నా ముందు బల్లమీద ట్రేలో పన్నెండు ఉక్కు పిన్నులున్నాయి. అప్పుడే నూనెలోంచి తీసినవి. ఇంకా పొగ వస్తోంది.

"అమ్మ బాత్రూంలో జారి పడిపోనాది. లేవలేకపోతంది. నువ్వు సీదా హాస్పిటల్‌కి వచ్చీ," అన్నాడు. అతని మాటల వెనక అమ్మ మూలుగు వినిపించింది. మా అమ్మ మూలగడం నేనెప్పుడూ వినలేదు. నాన్న పోయిన రోజున కూడా గొంతెత్తి ఏడవని మనిషి.

ఆ తర్వాత నేనేం చేశానో వరసగా గుర్తులేదు. ట్రేను ఒక పక్కకు నెట్టాను. చేతి తొడుగులు విప్పి పడేశాను. ఫర్నేస్ దగ్గరున్న ఆపరేటర్‌కి అమ్మ పడిపోయిందని చెప్పాను. "జా దీదీ, సంసో ఝన్ కర్," అన్నాడతను, దిగులు పడొద్దని. అంతే, గేటు దాటి ఆటో ఎక్కాను.

ఆ పిన్నుల సంగతి ఇక్కడే చెప్పాలి. మాది క్రేన్లకు కావలసిన కొక్కేలు, పిన్నులు తయారు చేసే చిన్న ఫ్యాక్టరీ. వాటి గట్టిదనం పరీక్షించడం నా పని. ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే బాగా గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్ళీ తక్కువ వేడిమీద కొన్ని గంటలు ఉంచితే పెళుసు పోయి బరువు మోసే గుణం వస్తుంది. ఈ రెండో పనిని టెంపరింగ్ అంటాం. రెండింటిలోనూ ఉన్నది అదే ఇనుము, అంతే కార్బన్. లోపల అవి సర్దుకుని ఉన్న తీరే తేడా. నూనె మసి పట్టాక కంటితో చూసి ఏది ఏదో చెప్పడం కష్టం. అందుకని నూనెలోంచి తీసిన ట్రేకు ఎర్ర ట్యాగు కట్టి బల్లకు ఎడమవైపు పెడతాం. అన్నీ పూర్తయి పరీక్ష నెగ్గినవి కుడివైపు ఉంటాయి. ఆ రోజు ఎర్ర ట్యాగు కట్టవలసింది నేను. కట్టలేదు. ట్రేను నెట్టింది కూడా కుడివైపుకే. అప్పుడు ఆ ధ్యాసే లేదు నాకు.

నేను వెళ్ళేసరికి అమ్మను వార్డులో పడుకోబెట్టారు. తుంటి ఎముక విరిగిందట. సాయంత్రం నాలుగింటికి ఆపరేషన్ అన్నారు. అన్నయ్య ఫారాలమీద సంతకాలు పెట్టేశాడు. వదిన అమ్మ కాళ్ళ దగ్గర నిలబడి ఏడుస్తోంది. నేను ఇంకా పెళ్ళి చేసుకోలేదు కాబట్టి మా నలుగురిదీ ఒకటే ఇల్లు. నాన్న రైల్వే ఉద్యోగంమీద విజయనగరం వైపునుంచి వచ్చి రాయపూర్‌లో స్థిరపడ్డారు. ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ పేచీ లేదు. ఈ మాట చెప్పడం అవసరం, ఎందుకంటే తర్వాత జరిగినదానికి ఎవరి చెడ్డతనమూ కారణం కాదు.

వార్డు సిస్టర్ యాభై దాటిన మనిషి. మా మాటలు విని తెలుగులోనే పలకరించింది. వాళ్ళది గుంటూరు వైపట. మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ ఉంది. చేతిలో అన్నయ్య నింపిన ఫారం పట్టుకుని మంచం పక్కన నిలబడింది.

"రోజూ ఏమేం మందులు వాడుతున్నారమ్మా?"

"అందులో రాశాను సిస్టర్, బీపీ మాత్ర," అన్నాడు అన్నయ్య.

"రాసింది చూశానండీ. నోటితో మళ్ళీ చెప్పండి. బీపీది కాక ఇంకేమన్నా?"

అన్నయ్య వదిన వైపు చూశాడు. వదిన నా వైపు చూసింది.

"రక్తం పల్చబడే మాత్ర ఉంది కదా," అన్నాను. "గుండె కొట్టుకోవడం తేడాగా ఉందని ఏడాదిగా వేస్తున్నాం. ఫారంలో రాయలేదా అన్నయ్యా?"

"మీ వదిన డాక్టర్‌కి చెప్పిందనుకున్నాను."

"నేనెక్కడ చెప్పానండీ! నువ్వొచ్చి చెప్పి ఉంటావనుకున్నాను," అంది వదిన నాతో.

సిస్టర్ పెన్ను తీసింది. "ఆఖరి మాత్ర ఎప్పుడిచ్చారు? ఎవరిచ్చారు?"

"రాత్రి తొమ్మిదింటికి నేనిచ్చాను," అన్నాను.

"అదేటి? పొద్దున్న నేనిచ్చాను కదా," అంది వదిన.

పది రోజుల కిందట అన్నయ్య అమ్మను గుండె డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆ మాత్రను రాత్రి మానేసి పొద్దున ఇవ్వమన్నారట. ఆ మాట అన్నయ్య వదినకు చెప్పాడు. నాకు వదిన చెబుతుందనుకున్నాడు. అతని ఆఫీసు నయా రాయపూర్‌కి మారాక పొద్దున బస్సుకు పరుగెత్తడమే సరిపోతోంది. నాకు అన్నయ్యే చెప్పి ఉంటాడనుకుంది వదిన. అప్పటినుంచి వదిన పొద్దున ఇస్తోంది, నేను రాత్రి ఇస్తూనే ఉన్నాను. పది రోజులు.

సిస్టర్ దుప్పటి తప్పించి అమ్మ చేతులు చూసింది. మోచేతుల దగ్గర నీలం మచ్చలు. నాలుగు రోజుల కిందట అమ్మ నాకు ఆ మచ్చలు చూపించింది. కొళాయికి కొట్టుకుని ఉంటుందిలే అన్నాను నేను.

"అమ్మా, రెండు పూటలా ఇస్తుంటే అడగలేదా మీరు?" అంది సిస్టర్.

అమ్మ నొప్పితో కళ్ళు మూసుకునే జవాబిచ్చింది. "ఇద్దరూ ఇత్తన్నారు కదా, రెండెయ్యమన్నారేమో అనుకున్నానమ్మా."

సిస్టర్ ఫోన్ దగ్గరకు నడిచింది. ఆమె నడక వేగం చూసి నాకు భయం వేసింది. పరుగెత్తి ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో. పావుగంటలో డాక్టర్ వచ్చాడు. రక్తం మళ్ళీ తీశారు. రిపోర్టు చూశాక ఆపరేషన్ ఆపేశారు. ఈ స్థితిలో వెన్నులో మత్తు సూది గుచ్చి ఉంటే, కోత పెట్టి ఉంటే రక్తం ఆగేది కాదన్నాడు. విరుగుడు ఇస్తాం, రక్తం మామూలు స్థితికి రావడానికి మూడు నాలుగు రోజులు పట్టవచ్చు, ఈలోగా తలలో రక్తం కారే ప్రమాదం కూడా ఉంది, తలనొప్పి అన్నా, మాట తడబడినా వెంటనే పిలవండి అన్నాడు.

రెండింటికి సిస్టర్ల డ్యూటీ మారింది. వెళ్ళే సిస్టర్, వచ్చిన సిస్టర్ ఇద్దరూ మంచం పక్కకు వచ్చారు. అమ్మ గురించి రాసుకున్నవన్నీ గుంటూరు సిస్టర్ చెప్పింది. కొత్తామె అన్నీ తిరిగి అప్పజెప్పింది. ఒకచోట తప్పు చెబితే గుంటూరు సిస్టర్ దిద్దింది. "నువ్వు తిరిగి చెప్పేదాకా ఈ పేషెంటు నా పేషెంటే," అంది నవ్వుతూ.

ఆ మాట చెవిన పడగానే బల్లమీది ట్రే నా కళ్ళముందు కనిపించింది.

వరండాలోకి పరుగెత్తి ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. ఆపరేటర్ ఎత్తాడు. "పొద్దున నేను వదిలేసిన పిన్నులు టెంపరింగ్‌కి పెట్టావా?"

"ఓ తో చల్ దిస్, దీదీ," అన్నాడు. అవి వెళ్ళిపోయాయి. "కుడివైపున్నాయి కదా. ఎర్ర ట్యాగు కూడా లేదు, పరీక్ష అయిపోయినవనుకున్నాను. ప్యాకింగ్‌కి పంపేశాను."

అమ్మను వదిలి వెళ్ళాలంటే భయం, వెళ్ళకపోతే ఇంకో భయం. వదినకు చెబితే, "నువ్వెళ్ళు, నేను ఇక్కడినుంచి కదలను," అంది. వెళ్ళేముందు, తలనొప్పి అంటే ఏం చేయాలో ఆమెతో తిరిగి చెప్పించుకున్నాను. ఆమె తప్పుగా తీసుకోలేదు.

ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పెట్టెలు విప్పితే ఎనిమిది దొరికాయి. మూడు మధ్యాహ్నమే మందిర్ హసౌద్ దగ్గరి ఒక యార్డుకు వెళ్ళాయని రిజిస్టర్ చెప్పింది. యార్డుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు. మేనేజర్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కేకలేస్తాడనుకున్నాను, కానీ ముఖం పాలిపోయింది. డ్రైవర్‌నిచ్చి జీపులో పంపాడు. ఒక ఆకురాయి సంచిలో వేసుకున్నాను. దారి పొడవునా ఎవరి తలమీదో ఏదో పడుతున్నట్టు కళ్ళముందు కదులుతూనే ఉంది. అమ్మకు తలనొప్పి వచ్చిందేమోనని మధ్యలో రెండుసార్లు వదినకు ఫోన్ చేశాను.

యార్డులో క్రేన్ సిమెంటు గొట్టాలను ఎత్తుతోంది. కింద నలుగురు మనుషులు తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. జీపు ఆగకముందే దిగి అరిచాను. "నీచే ఉతారో! హటో!" దించండి, తప్పుకోండి అని. ఫోర్‌మన్ విసుక్కుంటూ వచ్చాడు. కొత్త పిన్నే కదా, గంటనుంచి పనిచేస్తోంది కదా, అన్నాడు. బతిమాలాను. ఏడ్చాను కూడా. చివరికి గొట్టం కిందికి దించి పిన్ను తీయించాడు.

దానిమీద ఆకురాయి పెట్టి రుద్దాను. మామూలుగా అయితే పట్టుకుని కాస్త పొడి రాలాలి. ఇది అద్దంమీద జారినట్టు జారిపోయింది. ఫోర్‌మన్ దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. రెండు కొసలనూ ఇనుప దిమ్మెలమీద ఆనించి, సమ్మెటతో నడుమ ఒక్క దెబ్బ వేశాడు. పిన్ను రెండు ముక్కలై ఎగిరిపోయింది. అతను ఆ ముక్కలు చూశాడు, తాడు పట్టుకున్న నలుగుర్నీ చూశాడు. తర్వాత మిగతా రెండూ తెచ్చి నా సంచిలో వేశాడు.

ఎనిమిది, మూడు, పదకొండు. పన్నెండోది ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

ఆ మూడు రోజులూ ఎలా బతికానో నాకే తెలియదు. పొద్దున అమ్మ పక్కన కూర్చుని అడిగిన ప్రశ్నలే అడిగేదాన్ని. నీ పేరేంటి, ఇది ఏ ఊరు, తల నొస్తోందా? "నీ పోరుతోనే నొస్తంది," అని కసిరేది. మధ్యాహ్నం ఫ్యాక్టరీలో తుక్కు కుప్పలు తిరగేసేదాన్ని. మేనేజర్ ఆ వారం సరుకు వెళ్ళినచోటల్లా ఫోన్లు చేయించాడు. ఎవరి దగ్గరా అదనపు పిన్ను లేదు. రోడ్డుమీద ఎక్కడ క్రేన్ కనిపించినా ఆటో ఆపించి చూసేదాన్ని. పత్రిక తెరవాలంటే భయం. ఎక్కడో ఎవరో చచ్చిపోయారని, అందుకు కారణం నేనేనని లోపల్లోపల ఒప్పేసుకున్నాను.

నాలుగో రోజు మా ల్యాబ్‌లో పరీక్షకు నమూనాలు కోసే పెద్దాయన, మేమంతా కాకా అంటాం, సెలవునుంచి వచ్చాడు. తిల్దా అవతల వాళ్ళ ఊరు. ఇంట్లో చావు జరిగి, ఆ రోజు నేను వెళ్ళాక రెండు గంటలకే బయల్దేరాడట. ఫోన్ కలవని చోటు. నేను తుక్కులో చేతులు పెట్టి వెతకడం చూసి ఏమిటని అడిగాడు. చెప్పాను.

"ఒకటి నేనే తీసి కోశాను కదా," అన్నాడు హిందీలో. "ఆపరేటర్ చూసి నీకు చెప్పి ఉంటాడనుకున్నాను."

అక్కడే నేలమీద కూలబడ్డాను. ఎగిరి గంతేయాలన్నంత సంతోషం, చంపేయాలన్నంత కోపం ఒకేసారి వచ్చాయి. అల్మారాలోంచి అతను ఒక నల్లటి బిళ్ళ తీశాడు. అందులో పొదిగిన పలచటి ఉక్కు ముక్క నా పిన్నుదే. ఆ బిళ్ళలను నేను మూడు రోజులూ చూస్తూనే ఉన్నాను, పోల్చుకోలేకపోయాను. దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడమన్నాడు. సన్నటి సూదులు, ఒకదానిమీద ఒకటి అడ్డదిడ్డంగా గుచ్చుకున్నట్టు. అలాంటివి వందసార్లు చూసి ఉంటాను. ఆ రోజు మాత్రం మేం ముగ్గురం గుర్తొచ్చాం, అమ్మ మంచం చుట్టూ ఒకరినొకరు చూసుకుంటూ. ప్రేమ చాలకపోవడం కాదు. ఎవరు దేన్ని పట్టుకోవాలో, ఎప్పుడు ఎవరి చేతికి అందించాలో అన్నది లేదు మా మధ్య.

మర్నాడు అమ్మకు ఆపరేషన్ జరిగింది. తలుపు మూసుకున్నాక రెండు గంటలు, లోపలినుంచి ఎవరు బయటికి వచ్చినా మేం ముగ్గురం లేచి నిలబడ్డాం. అంతా బాగానే జరిగిందని చెప్పింది ఆ సిస్టరే. నేను ఆమె చేతులు పట్టుకున్నాను. "మీరు అడక్కపోతే ఏమయ్యేదో," అన్నాను.

"ఒకప్పుడు నేనూ అడగలేదమ్మా," అంది. "నా మొదటి ఉద్యోగంలో. ఆ పేషెంటు ఇంటికి వెళ్ళలేదు."

ఫ్యాక్టరీలో నాకు హెచ్చరిక నోటీసు ఇచ్చారు. అది న్యాయమే. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ బల్ల దగ్గర నిలబడి, ఒకరు చెప్పింది రెండోవాళ్ళు తిరిగి చెప్పాలని నియమం రాసిచ్చాను. మొదట్లో బడిపిల్లల్లా ఉందని నవ్వారు. యార్డునుంచి తెచ్చిన విరిగిన ముక్కలు చూపించాక నవ్వు ఆగింది.

ఇంట్లో మాత్రలు ఎవరివ్వాలన్న చర్చ వచ్చింది. వదిన ఇస్తానంది, నేనిస్తానన్నాను, అన్నయ్య గోడకు కాగితం అతికిస్తానన్నాడు. వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి అమ్మ అంతా విన్నది.

"మీ నాన్న ఏ డ్యూటీకి ఎప్పుడెళ్ళాలో ముప్ఫయ్యేళ్ళు నానే గుర్తెట్టుకుని లేపినాను. ఒక మాత్ర గుర్తెట్టుకోలేనా? డాక్టరు ఏటన్నాడో నాకు సెప్పేరా ఎవరైనా?"

నిజమే. ముగ్గురం ఒకరికొకరు చెప్పలేదని బాధపడ్డాం గానీ, ఆమెకు చెప్పాలని ఎవరికీ తట్టలేదు. మాత్రల డబ్బా ఆమె చేతికే ఇచ్చాం. డాక్టర్ దగ్గర ఇప్పుడు ఆమే మాట్లాడుతుంది. చెప్పింది తిరిగి అప్పజెప్పి మరీ బయటికి వస్తుంది.

అయినా పొద్దున ఆమె డబ్బా తీసే వేళకు నేను ఏదో పనున్నట్టు ఆ గదిలోకి వెళ్తాను. "ఏటే, నన్ను కాపలా కాత్తన్నావా?" అంటుంది. మంచంమీది దుప్పటి మడత పెడుతూ, ఆమె మాత్ర వేసుకుని గ్లాసు కింద పెట్టేదాకా అక్కడే ఉంటాను.