గోలీలివ్వని రోజు

గద్వాలలో మా నాయనమ్మ మోకాళ్ల నొప్పులకు మందిచ్చిన హోమియో డాక్టరు కుర్చీలో కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ముసలివాళ్లు తమ నొప్పుల సంగతి చెబుతుంటే కథ వింటున్నట్టు ముందుకు జరిగేవాడు.

"పొద్దున లేస్తే రెండడుగులు పడయి సారూ, జర తిరిగినంక మంచిగయితయి," అని నాయనమ్మ అనగానే, "అగో! గదే గావాలె నాకు!" అంటూ లేచి నిలబడేవాడు. యాభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి చీరలు నేసిన మనిషి మాటను అంత ఇష్టంగా విన్నవాళ్లు లేరు. ఆ తీపి గోలీలకన్నా అందుకోసమే ఆమె పోయేదనుకుంటాను.

ఒకరోజు ఆమె కుడి మోకాలు ఎర్రగా వాచింది. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టి చూసి, మందుల డబ్బా మూసేశాడు.

"గోలీలియ్యవా సారూ?" అంది నాయనమ్మ.

"ఇది నాతోని అయ్యేది గాదవ్వా. లోపల చీము పట్టినట్టుంది. ఇప్పుడే పెద్ద దవాఖానకు పోవాలె."

బయట జనం కూర్చునుండగానే రోడ్డు మీదికి ఉరికి ఆటో ఆపి, తానూ మాతో ఎక్కాడు. అక్కడ ఆ పూటే చీము తీశారు. ఇంకో రోజు ఆగితే ప్రాణం మీదికి వచ్చేదన్నారు.

నాయనమ్మ వార్డులో మొదటిసారి మంచం దిగిన రోజు ఆయన మళ్లీ వచ్చాడు. "రా అవ్వా, రా! ఇంకొక్కటి!" అంటూ, పసిపిల్లకు నడక నేర్పినట్టు ఎదురుగా నిలబడి, చప్పట్లు కొడుతూ వెనక్కి వెనక్కి నడిచాడు.

నాయనమ్మ కంగారుగా చెయ్యి చాపింది.

"మెల్లగ సారూ, నువ్వు పడ్తవు!"