రెండు గరిటెల పులిసిన పిండి

ఆ ఆదివారం ఉదయం తొమ్మిదింటికి కూర్మన్నపాలెంలోని మా వంటగదిలో ఉన్నవి: అరకిలో మైదా, ఒక పొట్లం ఈస్టు, పావులీటరు పాలు, నాలుగు చెంచాల పంచదార, కొంచెం ఉప్పు, నిగనిగలాడే స్టీలు గిన్నె, దూరం నుంచే వేడి కొలిచే గన్ను. ఉన్నవాళ్లు: పొద్దున్నే చర్చికి వెళ్లొచ్చిన నేను, నా భార్య, ఊరి బస్సు గాజువాకలో దిగి ఆటోలో వచ్చిన మా అత్తయ్య. అత్తయ్య చేతుల్లో రెండున్నాయి. ఒకటి కూతురి కోసం తెచ్చిన అట్లపిండి డబ్బా, రెండోది తన కోసం తెచ్చుకున్న మంచినీళ్ల సీసా.

ఆ సీసా సంగతి ముందు చెప్పాలి.

మా పెళ్లయి అప్పటికి పదమూడు నెలలు. మాది చర్చికి వెళ్లే కుటుంబం, వాళ్లది విజయనగరం వైపు వ్యవసాయ కుటుంబం. పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. మొదటి నెలలోనే అత్తయ్య వాళ్ల ఊరి అమ్మవారికి నైవేద్యం పెట్టిన బూరెలు తెచ్చారు. విగ్రహానికి పెట్టింది తినకూడదని నాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. థాంక్స్ చెప్పి డబ్బాను ఫ్రిజ్ మీద పెట్టేశాను. నా భార్య రెండు తింది. సాయంత్రం వెళ్తూ అత్తయ్య డబ్బా చేతిలోకి తీసుకున్నారు. బరువు తెలిసింది కాబోలు, మూత తెరవకుండానే సంచిలో పెట్టుకున్నారు.

తర్వాత ఆరుసార్లు వచ్చారు. ప్రతిసారీ ఏదో ఒకటి తెచ్చారు. మా ఇంట్లో ఏమీ తినలేదు, నీళ్లయినా తాగలేదు. కారణాలు నాకు గుర్తున్నాయి: రెండుసార్లు శనివారం, ఒకసారి ఏకాదశి, ఒకసారి పంటినొప్పి, రెండుసార్లు ఇప్పుడే తిని వచ్చానని. పన్నెండు కాకుండానే బస్సు పేరు చెప్పి లేచేవారు. నా భార్య పైకి పట్టించుకోనట్టే ఉండేది. అయినా అమ్మ వస్తుందంటే రెండు కూరలు ఎక్కువ వండేది. ఆ కూరలు మర్నాడు నా క్యారేజీలోకి వచ్చేవి.

ఆ రోజు కారణం కడుపు ఉబ్బరం.

నేను మొదలుపెట్టింది నూనెబన్నులు. మా నాయనమ్మ రైల్వే బంగళాలో వంట చేసిన రోజుల్లో నేర్చుకుని మా ఇంటికి తెచ్చిన వంటకం. ఈస్టుతో పొంగిన మైదా ముద్దను అర అంగుళం మందాన తట్టి, గ్లాసుతో గుండ్రంగా కోసి, నూనెలో వేయించాలి. వేడిగా ఉండగానే మధ్యకి చీల్చి పంచదార చల్లుకోవాలి. ఈస్టును గోరువెచ్చని పాలలో కలపాలి. పాలు మరీ వేడిగా ఉంటే అది చచ్చిపోతుంది.

నా ఉద్యోగమే వేడి కొలవడం. స్టీలు ప్లాంటులో ఎర్రగా కాలిన ఇనుము వేడి చూస్తాను. పాల గిన్నె బయటివైపుకి గన్ను గురిపెట్టాను. ముప్పై ఎనిమిది డిగ్రీలు చూపించింది.

అత్తయ్య గుమ్మంలో స్టూలు మీద కూర్చుని చూస్తున్నారు. "పాలు పొగలు కక్కుతన్నాయి బావు" అన్నారు.

మిషన్ ముప్పై ఎనిమిదే అంటోందని చెప్పి ఈస్టు కలిపేశాను. పిండి పిసికి, గిన్నె మీద మార్కరుతో గీత పెట్టి, రెట్టింపు ఎక్కడికి రావాలో ఇంకో గీత పెట్టాను. ఫోనులో గంట అలారం పెట్టాను.

గంట తర్వాత పిండి మొదటి గీత దగ్గరే ఉంది. ఇంకో గంట ఆగినా అక్కడే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. మెరిసే స్టీలు మీద గన్ను పెడితే గిన్నె వేడి పూర్తిగా రాదు, అద్దంలో నీడలా ఎదురు గోడ వేడే ఎక్కువ కనిపిస్తుంది. నల్ల టేపు అంటించి దాని మీద కొలవాలి. ప్లాంటులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ ఇది చెప్పేది నేనే.

నా భార్య నవ్వాపుకోలేదు. "పాలలో ఏలు ఎట్టి సూసుంటే అయిపోయేది. దానికో గన్ను."

పిండి పారేద్దామని గిన్నె తీశాను. అప్పటికి పదకొండుంపావు. అత్తయ్య బస్సు వేళ దగ్గర పడింది. ఆవిడ లేచారు, కానీ సంచి అందుకోలేదు. గిన్నె అందుకుని పిండిని వేలితో నొక్కి, వాసన చూశారు.

"ఈస్టే సచ్చింది బావు. మైదాకేటయింది?"

తను తెచ్చిన డబ్బా మూత తీశారు. అట్లపిండి బాగా పులిసి, బుడగలు కట్టి ఉంది. గరిటె ముంచారు. ముంచిన చేయి మధ్యలోనే ఆగింది.

"ఇది దేవుడికెట్టింది కాదు. ఉట్టి పిండే" అన్నారు.

పన్నెండు నెలలు ఆ బూరెల గురించి ఒక్క మాట అనని మనిషి. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అత్తయ్యా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"గిన్నె గట్టిగా అట్టుకోండి" అన్నారావిడ.

రెండు గరిటెలు వేశారు. పిండి జారుడైతే గుప్పెడు మైదా చల్లి, మణికట్టు దగ్గరి అరచేతితో చాలాసేపు పిసికారు. బియ్యం డబ్బా మీద ఎండ తగిలే చోట గిన్నె పెట్టి, తడిబట్ట కప్పారు. ఎంతసేపని అడిగాను. పొంగినప్పుడు పొంగుతుందని, తను చూస్తూ ఉంటానని చెప్పారు. పన్నెండింటి బస్సు వెళ్లిపోయింది. ఒంటిగంట బస్సు కూడా వెళ్లిపోయింది. మేమిద్దరం భోంచేశాం. ఆవిడ తినలేదు, బట్ట తడపడానికి నాలుగుసార్లు లేచారు.

మూడున్నరకి పిండి ఒకటిన్నర రెట్లయింది. రెట్టింపు కాలేదని నేనంటే, తినేది గీతల్ని కాదు కదా అన్నారు. నేను తట్టి కోశాను, ఆవిడ వేయించారు. అట్లపిండి వల్ల కొంచెం పుల్లగా, మా నాయనమ్మ చేసినవాటి కన్నా కరకరలాడుతూ వచ్చాయి.

మా ఇంట్లో తినేముందు ప్రార్థన చేస్తాం. పళ్లెం ముందు కూర్చుని, ఆవిడ ఎదురుగా చెయ్యాలా వద్దా అని తటపటాయించాను.

"మీ ప్రార్థన మీరు సేసుకోండి బావు. బేగి సేసుకోండి, సల్లారిపోతాయి."

రెండే వాక్యాల్లో ముగించాను. కళ్లు తెరిచేసరికి అత్తయ్య ఒక బన్ను చీల్చి పంచదార చల్లుతున్నారు. కూతురికిస్తారనుకున్నాను. నోట్లో పెట్టుకున్నారు.

"కడుపుబ్బరం అన్నావు కదే అమ్మా" అంది నా భార్య.

"తగ్గీసింది. ఇంకోటి ఇటియ్యి."

ఆ రోజు మొత్తం ఇరవై రెండు నూనెబన్నులు వచ్చాయి. అత్తయ్య మూడు తిన్నారు.