అమ్మేసినా ఇంటికొచ్చిన పావురాలు

ఈ ఉదయం నా పందెం పావురాలన్నిటినీ గుడివాడ ఆయనొకరికి అమ్మేశాను. గింజలు, మందులు, గూళ్ళ మరమ్మతులు అంటూ జీతంలో సగం వాటికే పోయేది. పోయిన వారం మా బందరు బీచ్‌లో ఒకతను వీపుకి మోటారు కట్టుకుని, గొడుగులాంటి రెక్క కింద వేలాడుతూ సముద్రం మీద ఎగరడం చూశాను. అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఆ పారామోటార్ ఏదో నేర్చుకోవాల్సిందే అనుకున్నాను.

"పావురాలైతే చీకటి పడేలోపు ఇంటికొస్తాయి. మీరొస్తారా?" అంది మా ఆవిడ షాహీన్.

"రాకెక్కడికి పోతాను!" అన్నాను గానీ, నాకే నమ్మకంగా అనిపించలేదు.

రోజంతా మేడెక్కడం, ఖాళీ గూళ్ళు చూడటం, దిగడం. సాయంత్రం మేడ మీద ఉండగానే గుడివాడ నుంచి ఫోన్.

"ఏమనుకోకండి. అలవాటయ్యేదాకా గూడు తెరవొద్దన్నారు గానీ, ఎలా ఎగురుతాయో ఒక్కసారి చూద్దామని తెరిచానండీ. ఒక్కటీ తిరిగి రాలేదు!"

తలెత్తి చూశాను. అన్నీ మా పిట్టగోడ మీద వరసగా దిగుతున్నాయి.

షాహీన్ మేడెక్కి వచ్చింది. వాటికి నీళ్ళు పెట్టి, నా వైపు చూసి నవ్వింది.

రేపు వీటిని మళ్ళీ గుడివాడ తీసుకెళ్ళాలా, పారామోటార్ మానుకోవాలా? మీరే చెప్పండి. నాకైతే ఒక్కటే మింగుడు పడటం లేదు. గుడివాడ నుంచి బందరు దాకా ఆ పొలాలన్నీ ఇవి పైనుంచి చూసొచ్చాయి. ఇన్నేళ్ళలో నేను బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు.