మొగ మూసుకుపోయాక

రుక్మాబాయి మలక్‌పేటలో గంప పెట్టుకుని ఎండురొయ్యలు అమ్మేది. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ గంప మీదే సాకింది. ఉస్మాన్‌గంజ్‌ టోకు బజార్లో ఆమె కొనే సన్నరొయ్య కోస్తాలో ఒకే పల్లె నుంచి వచ్చేది. సముద్రం మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

డెబ్బై ఏడు తుపానుతో ఆ సరుకు ఆగిపోయింది. పడవలు కొట్టుకుపోయాయి కాబోలు అనుకుంది. మరుసటి ఏటికి పడవలు వచ్చాయి, రొయ్య రాలేదు.

ఆమె దగ్గర కొనే వెంకట్రావుది ఆ పల్లె పక్క ఊరే. చేపల శాఖలో ఉద్యోగం, సంతోష్‌నగర్‌లో కాపురం. ఆయన్నే నిలదీసింది.

"ఏంది సారూ, రొయ్యలన్నీ ఎటు పోయినయ్?"

"రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో, రుక్మాబాయీ. పిల్లలకి ఎదురీదే సత్తువ ఉండదు. ప్రవాహం ఎటు తోస్తే అటే. ఏరు సముద్రంలో కలిసే మొగలోంచి లోపలికొస్తేనే ఉప్పుటేట్లో పెరుగుతాయి. తుపానుకి మొగ ఇసకతో పూడిపోయింది."

"తవ్వుతలేరా?"

"తవ్వుతూనే ఉన్నారు."

ఆ మాటతో ఆమె మనసు ఊరుకోలేదు. వెంకట్రావు భార్యతో ఊరెళ్తుంటే తానూ వెంట బయలుదేరింది.

అక్కడ ఊరంతా పారలు పట్టి ఇసకలో కాలువ తీస్తున్నారు. ఆమె కూడా తట్టలెత్తింది. సాయంత్రానికి సముద్రపు నీళ్లు ఏట్లోకి దూకాయి. అందరూ కేకలు పెట్టారు. తెల్లారి చూస్తే మళ్లీ ఇసకే.

ఒడ్డున ఒక బెస్తావిడ పాత చీర ముక్కను సముద్రపు నీళ్లలో ఈడ్చి చూపించింది. బట్ట నిండా గాజు పలుకుల్లాంటి రొయ్యపిల్లలు. రుక్మాబాయి వాటిని కుండలోకి తీసుకుని, ఇసక దాటి పరుగెత్తి ఏట్లో పోసింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ పోసింది.

"ఆగండమ్మా," అన్నాడు వెంకట్రావు. "మొగ మూసుకుని ఏరు మురిగిపోయింది. అందులో బతకవు."

"మరి సముద్రంల ఉంటె బతుకుతయా?"

"ప్రవాహం ఇంకో మొగ దగ్గరికి చేరిస్తే బతుకుతాయి."

"చేరుస్తదా?"

"చెప్పలేను."

ఆమె కుండ కింద పెట్టి ఇసకలో కూలబడింది.

ఆ మొగ మళ్లీ తెరుచుకోలేదు. రుక్మాబాయి ఎల్లిగడ్డ అమ్మసాగింది, అది అంతగా సాగలేదు. పెద్దపిల్ల బడి మానేసి గాజుల బట్టీలో చేరింది. కొన్ని నెలలకు ఉత్తరాన మరో మొగ దగ్గర సన్నరొయ్య విరివిగా పడుతోందని వెంకట్రావు చెప్పాడు. ఆ సరుకు ఉస్మాన్‌గంజ్‌కు రానే లేదు, లారీల్లో ఇంకెటో వెళ్లింది.

"గా సముద్రంల మిగిలిన రొయ్యపిల్లలేమో సారూ," అంది ఆమె.

 వెంకట్రావు వంగి ఆమె గంపలోంచి ఎల్లిగడ్డలు ఏరుకున్నాడు.