కొత్త చేప దిగిన ఇల్లు

మా మామగారు జీవితంలో ఏ పనీ ఒక్కసారిగా చేసి ఎరుగరు. ఆయన పళ్ల డాక్టరు. పన్ను పీకాలంటే నాలుగుసార్లు రమ్మంటారు. మొదటిసారి కుర్చీలో కూర్చుని వెళ్లిపోవాలి. రెండోసారి పట్టకారును చూడాలి. మూడోసారి చేత్తో పట్టుకోవాలి.

"నాలుగోసారికి పన్ను దానంతటదే ఊడిపోయింది డాక్టరుగారూ," అన్నాడొక పోస్ట్‌మాన్.

"చూశారా, నొప్పి తెలిసిందా?" అన్నారు మామగారు.

ఈ జబ్బు ఆయనకు హాల్లో ఉన్న ఉప్పునీటి తొట్టి నుంచి అంటుకుంది. ఆరడుగుల గాజుతొట్టి, అందులో పగడాలు, ఐదు చేపలు. కొత్త చేపను తెస్తే దాని సంచీలోకి సన్నటి గొట్టంతో తొట్టినీళ్లు చుక్క చుక్కగా రెండు గంటలు వదులుతారు. కొత్త పగడమైతే పైనున్న దీపాన్ని ఇరవై శాతంతో మొదలుపెట్టి రోజుకో శాతం పెంచుతారు. ఒక్కసారే పూర్తి వెలుతురు పడితే పాలిపోతుందట. నీళ్లు వేడెక్కకుండా తొట్టికి కూలర్ ఉంది. మాకు ఫ్యాను.

"వచ్చే జన్మలో ఆ తొట్టిలోనే పుడతాను. రోజుకో గంట నా మొహం చూస్తారు," అంటారు అత్తగారు.

ఆవిడ కారు తలుపు సొట్టపోయిన సంగతి చెప్పడానికి ఆయనకు వారం పట్టింది. సోమవారం, "కారుకు అందం ముఖ్యమా?" అన్నారు. బుధవారం, "తలుపుల్లేని కార్లు కూడా ఉంటాయి తెలుసా?" అన్నారు. శుక్రవారం అత్తగారే వెళ్లి చూసుకున్నారు.

నాకేమో నలుగురిలో నోరు పెగలదు. పెళ్లికి ముందు మామగారి అక్కగారు, అంటే ఇంట్లో అందరూ ఎంక్వైరీ కమిషన్ అని పిలుచుకునే పెద్దమ్మగారు, పదమూడు మంది చుట్టాల ఎదుట "ఏం చదివావు?" అని అడిగితే నా డిగ్రీ పేరే గుర్తు రాలేదు. "మాటలొచ్చా ఈ పిల్లకి?" అని ఆవిడ పక్కావిడ చెవిలో, వీధంతా వినబడేలా అన్నారు. నేను కాపురానికి వచ్చిన రోజున ఆ పద్నాలుగు మందీ గేటు దగ్గరే ఉన్నారు. నేను గేటు బయటే ఆగిపోయాను.

మామగారు నీళ్లు కారుతున్న చేతులతో పరుగెత్తుకొచ్చారు. "ఆగండాగండి! తొట్టిలో కొత్త చేప దిగింది. జనాన్ని చూస్తే బెదిరి తిండి మానేస్తుంది. రోజుకు ఇద్దరే!"

"చేప కోసం తోడబుట్టినదాన్ని గేటు దగ్గర నిలబెడతావట్రా?"

"నీ వంతు చివర్లో అక్కా. నువ్వు పూర్తి వెలుతురువి."

దీపాన్ని ఆ రోజే ఇరవైకి దించారు. చుట్టాలు రోజుకు ఇద్దరు చొప్పున, తిట్టుకుంటూ వచ్చారు. చీకట్లో టీ తాగి, చేపకున్న మర్యాద తమకు లేదని నాతోనే చెప్పుకుని వెళ్లారు. నెల దాటాక నలుగురేసి వచ్చారు. అప్పటికి ఎవరికి పంచదార ఎంతో, ఎవరికి ఎవరంటే పడదో నాకు తెలిసిపోయింది.

దీపం తొంభై ఐదుకు చేరిన ఆదివారం పద్నాలుగు మందీ ఒకేసారి వచ్చారు. పెద్దమ్మగారు చెప్పులు విప్పి నేరుగా తొట్టి దగ్గరికి వెళ్లారు. వేలు పెట్టి లెక్కపెట్టారు.

"పెళ్లికి ముందూ ఐదే, ఇప్పుడూ ఐదే. కొత్తదేదిరా?"

మామగారు అబద్ధం కూడా ఒక్కసారిగా ఆడలేరు. "అంటే అక్కా... చేప అన్నది..." అంటూ మొదటి చుక్క వదిలారు.

రోజూ మేత వేసేది నేనే. ఐదే ఉన్నాయని నాకు మొదటి వారంలోనే తెలుసు.

"రాళ్ల వెనకుంది పెద్దమ్మగారూ," అన్నాను. పద్నాలుగు తలలూ నావైపు తిరిగాయి. "బెదురు చేప. మీరిలా అరిస్తే ఇంకో వారం బయటికి రాదు. కూర్చోండి, టీ తెస్తాను. మీకు పంచదార లేకుండా కదూ?"

"అబ్బో, నోరుందే పిల్లకి!" అంటూ ఆవిడ కూర్చున్నారు.

మామగారు తొట్టి దగ్గరికి వెళ్లి దీపం మీట మీద చెయ్యి వేశారు. రోజుకో శాతం పెంచే మనిషి, ఆ పూట మిగిలిన ఐదూ ఒక్కసారే తిప్పేశారు.